పాత కారు ధర పడిపోతుంది, విడిభాగం ధర మాత్రం పడిపోదు: నల్లగొండ నుంచి ఒక బహిరంగ లేఖ

శక్తిమంతమైన ఖరీదైన కార్లు తయారుచేసి అమ్ముతున్న కంపెనీల భారత విభాగాల అధిపతులకు,
పాత కార్లకు పొడిగించిన వారంటీలు అమ్ముతున్న సంస్థల యాజమాన్యాలకు,
కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, కేంద్ర రోడ్డు రవాణా శాఖ, తెలంగాణ రవాణా శాఖ ఉన్నతాధికారులకు

నమస్కారం.

నేను నల్లగొండలో కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతున్నాను. మీరు తయారుచేసే ఇంజిన్ల గొప్పదనం మీద నాకు ఏ వాదనా లేదు. రోజూ బానెట్ ఎత్తి చూసేవాడిగా వాటి పనితనమంటే నాకు గౌరవమే. ఈ లేఖ ఆ కార్లకు ఏడేళ్లు, పదేళ్లు నిండాక వాటిని కొన్న మనుషుల గురించి.

మా షెడ్డుకు వచ్చే కొందరు యజమానులు, నేను కలిసి ఒక కార్ల కంపెనీకి, ఒక వారంటీ సంస్థకు ఇదివరకే లేఖలు రాశాం. బిల్లులు, ఫొటోలు, జాబ్ కార్డులు (బండికి చేసిన మరమ్మతు వివరాలు రాసే కాగితాలు) జతచేసి పంపాం. మీ అభ్యర్థన పరిశీలనలో ఉందన్న సందేశం తప్ప సమాధానం రాలేదు. ఆ రెండు సంస్థల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఆ ఇద్దరి తీరు మాత్రమే కాదు, ఈ వ్యాపారమంతా ఇలాగే నడుస్తోంది.

ముందుగా ఒక మాట. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టి శక్తి పెంచే టర్బో ఇంజిన్లు, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు, ఎయిర్ సస్పెన్షన్లు డబ్బున్నవాళ్ల వ్యవహారమని, అందులో సామాన్యుడి గోడు ఏముంటుందని చాలామంది అంటారు. కారు కొత్తగా ఉన్నప్పుడు ఆ మాట నిజమే. హైదరాబాదులో నలభై, యాభై లక్షలు పెట్టి కొన్న మొదటి యజమాని వారంటీ ఉన్నంతకాలం నడిపి, అది ముగిసేలోగా అమ్మేస్తాడు. రెండో యజమాని మరో నాలుగేళ్లు నడుపుతాడు. ఆ తరువాత అదే కారు ఎనిమిది, తొమ్మిది లక్షలకు మిర్యాలగూడకో, సూర్యాపేటకో, జడ్చర్లకో, వనపర్తికో చేరుతుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లను తిరగనివ్వకూడదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ గడువు దగ్గరపడ్డ కార్లు కూడా ఎన్‌ఓసీలు (వేరే రాష్ట్రానికి మార్చుకునే అనుమతి పత్రాలు) తీసుకుని ఇటు వచ్చాయి.

వాటిని కొనేది ఎవరు? ఎరువుల దుకాణం యజమాని, ప్రభుత్వ ఉపాధ్యాయుడు, బత్తాయి తోటలో రెండు పంటలు బాగా వచ్చి నాలుగు డబ్బులు మిగిలిన రైతు కొడుకు. కొత్త చిన్న కారు ధరకే పెద్ద కారు వస్తోందని, ఫైనాన్స్ తీసుకుని కొంటారు. నన్ను ముందే అడిగినవాళ్లలో చాలామందికి వద్దనే చెబుతాను. కానీ మంచి కారు నడపాలన్న కోరికలో తప్పేమీ లేదు. కొనేముందు తెలియాల్సిన నిజం తెలియకపోవడమే ఇక్కడి సమస్య.

ఆ నిజం ఏమిటంటే, కారు ధర వయసుతో పాటు దిగిపోతుంది, దాని మరమ్మతు ధర దిగదు. మోటారు బీమా నిబంధనల్లోని పట్టికనే చూడండి. ఆరు నెలలు దాటని కారు విలువలో 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు తీసేస్తారు. ఐదేళ్లు దాటితే బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ కట్టుకోవాలి. శక్తిమంతమైన కార్లకు బజారులో ఇంకా తక్కువ పలుకుతుంది. ఎందుకంటే తెలిసిన కొనుగోలుదారు గేర్‌బాక్స్ ఖర్చును, టర్బో ఖర్చును ముందే ధరలోంచి తీసేసి బేరమాడతాడు. తెలియనివాడు చవకగా వచ్చిందనుకుని కొంటాడు. ఆ గేర్‌బాక్స్ మాత్రం యాభై లక్షల కారుకు ఎంతో, ఎనిమిది లక్షల కారుకూ అంతే. ఏటేటా కొంత పెరుగుతుంది కూడా.

ఈ రెండు ధరల మధ్య ఉన్న అగాధం నుంచి కాపాడతామనే మీరు వారంటీలు అమ్ముతున్నారు. అవి ఎలా కాపాడుతున్నాయో, మిగతా ఏర్పాట్లు ఎక్కడ చేతులెత్తేస్తున్నాయో మా దగ్గర జరిగినవే చెబుతాను.

1. వారంటీలో మినహాయింపులే ఎక్కువ.

దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు తొమ్మిదేళ్ల పెట్రోల్ టర్బో కారు కొన్నారు. అమ్మిన డీలరు ద్వారానే ఏడాది వారంటీ కూడా తీసుకున్నారు. ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు పూర్తి రక్షణ అని కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ఉంది. మే నెలలో మధ్యాహ్నం పూట కొండమల్లేపల్లి దాటాక ఇంజిన్ వేడెక్కిందని హెచ్చరిక దీపం వెలిగింది. ఆయన వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేశారు. టోయింగ్ బండి మీద కారు మా షెడ్డుకు వచ్చింది.

విప్పి చూస్తే, ఇంజిన్ వెనుక కూలెంట్ గొట్టాలను కలిపే ప్లాస్టిక్ మెడ ఒకటి నెర్రెలిచ్చి ఉంది. బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. తొమ్మిదేళ్లు ఇంజిన్ వేడికి కాగి, 44, 45 డిగ్రీల ఎండల్లో తిరిగిన ప్లాస్టిక్ అలాగే అవుతుంది. ఆ ముక్క ధర రెండు వేల లోపే. కానీ అప్పటికే కూలెంట్ అంతా కారిపోయి సిలిండర్ హెడ్ వంగిపోయింది. హైదరాబాదు సర్వీస్ సెంటర్ వాళ్లు వేసిన అంచనా మూడు లక్షల డెబ్బై వేలు.

వారంటీ సంస్థ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలు అరుగుదల కిందకు వస్తాయట, కాబట్టి వాటికి వారంటీ లేదు. వాటివల్ల వేరే భాగానికి కలిగిన నష్టం పర్యవసాన నష్టమట, కాబట్టి దానికీ లేదు.

మెకానిక్‌గా నేను మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. ఇంజిన్‌లో పెద్ద నష్టం ఏదైనా దాదాపు ఎప్పుడూ ఒక చిన్న భాగం దగ్గరే కదా మొదలయ్యేది? టైమింగ్ చైన్ జారేది దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడు అరిగాక. టర్బో పాడయ్యేది దానికి నూనె అందించే సన్నని గొట్టం పూడుకుపోయాక. గేర్‌బాక్స్ వేడెక్కేది ఒక సీలు కారడం మొదలయ్యాక. ఆ చిన్న భాగాలనూ మినహాయించి, వాటివల్ల పెద్ద భాగాలకు జరిగే నష్టాన్నీ మినహాయిస్తే ఆ కాగితంలో మిగిలే రక్షణ ఏది? దానికి డబ్బు ఎందుకు తీసుకున్నారు? ఆ డబ్బు మీద జీఎస్టీ కూడా ఆయనే కట్టారు కదా.

ఆ కారు మా షెడ్డు వెనుక టార్పాలిన్ కింద ఉంది. ఉపాధ్యాయుడు ప్రతి నెలా వాయిదా కడుతూ, బడికి బస్సులో వెళ్తున్నారు. ఉన్నదున్నట్టు అమ్ముదామంటే తుక్కు కొనేవాళ్లు తప్ప అడిగేవాళ్లు లేరు.

2. చిన్న భాగం పోతే పెద్ద యూనిట్ కొనాలి.

రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులో గేర్లు మార్చేది మెకాట్రానిక్స్ యూనిట్. వాల్వులు, సెన్సర్లు, ఒక కంప్యూటరు, హైడ్రాలిక్ పంపు అన్నీ కలిసి ఒకే పెట్టెలో ఉంటాయి. కొన్ని రకాల్లో నూనె ఒత్తిడిని నిల్వ ఉంచే భాగాన్ని బిగించిన చోట అల్యూమినియం కేసింగ్ సన్నగా నెర్రె విచ్చుతుంది. వెంట్రుకవాసి నెర్రె అది, టార్చి వేసి వెతికితే గాని కనబడదు. ఒత్తిడి పోయి కారు గేరు తీసుకోదు. ఉన్నచోటనే నిలిచిపోతుంది.

యూనిట్ మొత్తం మార్చాలని సర్వీస్ సెంటర్లో చెబుతారు. బిల్లు రెండు లక్షలు దాటుతుంది. కేసింగ్, సీళ్లు మాత్రమే మార్చి ఆ యూనిట్‌ను మళ్లీ వాడవచ్చని చేతులతో చేసినవాడిగా నాకు తెలుసు. కానీ మా లాంటి షెడ్డు అడిగితే అసలు భాగం దొరకదు. అసలుదో నకిలీదో తేల్చుకోలేని సరుకు మీద ఆధారపడాలి. భాగం దొరికినా పని అక్కడితో అయిపోదు. మార్చిన యూనిట్‌ను కంప్యూటర్‌తో కారుకు కోడింగ్ చేయాలి. కొన్ని కంపెనీల కార్లలో కొన్ని యూనిట్లు కంపెనీ సర్వరుతో అనుసంధానమైతే తప్ప పనిచేయవు. ఆ అనుమతి మాకు లేదు. కాబట్టి కారు మళ్లీ టోయింగ్ బండి ఎక్కి వంద కిలోమీటర్లు హైదరాబాదు పోవాలి. మిర్యాలగూడ నుంచైతే నూట యాభై. అక్కడ బయటి షెడ్డులో విప్పారు కాబట్టి మొత్తం మార్చాల్సిందే అంటారు.

3. చిన్న ప్రమాదానికే కారు తుక్కు లెక్కలోకి పోతోంది.

మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ ఆ కారును పూర్తిగా నష్టపోయినట్టు లెక్కిస్తుంది. తొమ్మిది లక్షల బీమా విలువ ఉన్న కారుకు అంటే ఆరు లక్షల డెబ్బై ఐదు వేలు. రెండు ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, బంపరు, రేడియేటరు, రెండు ఎయిర్‌బ్యాగులు, వాటి సెన్సర్లు అనుకోండి. ఈ రకం కార్లలో కంపెనీ ధరలకు ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. నార్కట్‌పల్లి దగ్గర గేదె అడ్డొచ్చి డివైడరుకు తగిలిన కారు ఒకటి ఇలాగే పోయింది. ఛాసిస్ చెక్కు చెదరలేదు, ఇంజిన్ ఒక్క దెబ్బకే స్టార్టయింది. బీమా విలువ ఫైనాన్స్ బాకీకి సరిపోయింది. యజమానికి మిగిలింది ఖాళీ షెడ్డు.

ప్రమాదం కాకుండా యంత్రం దానంతట అది పాడైతే మామూలు మోటారు బీమా అసలు వర్తించదు. ఆ సంగతి కూడా చాలామందికి పాడయ్యాకే తెలుస్తోంది.

4. ఒకే కారుకు మూడు గడువులు.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. జీవిత పన్ను మొదట్లోనే కట్టించుకుంటారు. అంటే ఈ కారు 15 ఏళ్లు రోడ్డు మీద తిరుగుతుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. కానీ లోపం ఉన్న వాహనాలను వెనక్కి రప్పించి సరిచేయాలని కంపెనీని ఆదేశించే రీకాల్ నిబంధన 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చినా, ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తుంది. కంపెనీ వారంటీ సాధారణంగా అంతకన్నా ముందే ముగుస్తుంది. విడిభాగాలు ఎన్నేళ్లు అందుబాటులో ఉంచాలో యజమానికి ఎవరూ రాసివ్వరు. 2017లో చెవ్రొలెట్ అమ్మకాలు ఆగినప్పుడు, 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించినప్పుడు ఆ కార్ల యజమానుల మొదటి భయం విడిభాగాల గురించే. అప్పుడు కంపెనీలు సేవలు కొనసాగిస్తామని మాట ఇచ్చాయి. మాట కాక చట్టంలో ఒక గడువు ఉంటే ఆ భయమే అక్కర్లేదు. ఎనిమిదో ఏడు నుంచి పదిహేనో ఏడు దాకా, అంటే మా జిల్లాల వాళ్లు కొని నడిపే సరిగ్గా ఆ కాలంలో, కారుకు దిక్కెవరు?

5. పన్ను తగ్గినప్పుడు పాత కారు యజమాని ఏమయ్యాడు?

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి యాభై శాతం దాకా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. విడిభాగాల మీద పన్ను 18 శాతం అయింది. రెండూ మంచి నిర్ణయాలే, నేను తప్పు పట్టడం లేదు. అయితే కొత్త కారు ధర దిగితే పాత కారు ధర కూడా వెంటనే దిగుతుంది. అంతకు కొద్ది నెలల ముందు ఫైనాన్స్‌తో కొన్నవాడి బాకీ దిగదు. కారు అమ్మినా బాకీ తీరని పరిస్థితిలో కొందరు ఉన్నారు. విడిభాగాల మీద పన్ను తగ్గినంత మేరా బిల్లులు తగ్గాయో లేదో కంపెనీలు పాత ధర, కొత్త ధర పక్కపక్కన పెట్టి చూపాలి. డీలర్లు పాత కార్ల మీద తమ లాభంపై కట్టే జీఎస్టీ 2025 జనవరి నుంచి అన్ని రకాల కార్లకూ 18 శాతమే. అది కూడా చివరకు కొనేవాడి ధరలోనే కలుస్తుంది.

6. పెట్రోలు సంగతి.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావరకు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇప్పుడు బంకులో పోసేది అదే. పాత టర్బో కారులో రేపు ఇంధన గొట్టమో, హై ప్రెషర్ పంపు సీలో పాడైతే వారంటీ ఇస్తారా, ఇంధనం మీదకు నెడతారా? ఇంతకుమించి అడిగేదేమీ లేదు. అవునో కాదో రాసివ్వండి.

7. కారు చరిత్ర కొనేవాడికి కనబడదు.

ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఆర్‌సీ వివరాలు, ఎన్నో యజమాని, బీమా ఎప్పటిదాకా ఉంది వంటివి కనిపిస్తాయి. కిలోమీటర్లు కనిపించవు, ప్రమాదాలు కనిపించవు. ఛాసిస్ నంబరు కొడితే ఆ కారు ఏ సర్వీస్ సెంటర్‌కు ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో, ఏం మార్చారో కంపెనీ కంప్యూటర్లో ఉంటుంది. కొనేవాడు అడిగితే గోప్యత అంటారు. వారంటీ తిరస్కరించాలనుకున్నప్పుడు మాత్రం, 2019లో ఒక సర్వీసు ఆలస్యమైందని అదే చరిత్ర బయటకు తీస్తారు. మీటరు వెనక్కి తిప్పే దుకాణాలు బతికేది ఈ చీకటి వల్లే. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారు అరవై వేలు చూపిస్తూ మా షెడ్డుకు వస్తుంది. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి మెరుస్తుంటుంది, స్టీరింగ్ తోలు పొట్టు లేచి ఉంటుంది. డబ్బు చేతులు మారాక నేను చూసి చెప్పి ఏం లాభం?

ఇవన్నీ కొత్తగా ఎవరూ గమనించని విషయాలు కావు. విడిభాగాలు, లోపం కనిపెట్టే డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి షెడ్డులో పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ పని తప్పుగా చేయడం వల్ల కలిగిన నష్టం మేరకే కాదనవచ్చని ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అంతకాలం మా షెడ్లలో మార్పేమీ రాలేదు. 2022 డిసెంబరు 24న వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. అందులో వాహన రంగం కూడా ఉంది. ఆ పని మొదలుపెట్టినందుకు శాఖకు కృతజ్ఞతలు. కానీ పోర్టల్‌లో కంపెనీ కస్టమర్ కేర్ నంబరు ఉంటే సరిపోదు. ధర పట్టిక, విడిభాగం, కోడింగ్ అనుమతి కావాలి.

పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కారు డీలరు చేతిలో ఉన్నంతకాలం బాధ్యత డీలరుదే అని తేల్చడం ఎంతో మేలు చేసింది. అయితే ఆ నిబంధనల దృష్టి కాగితాల బదిలీ మీదే ఉంది. కారు ఏ స్థితిలో ఉందో కొనేవాడికి రాసివ్వాలన్న షరతు కూడా అందులో చేరాలి.

ఇక ఫిర్యాదు చేద్దామంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయపు ఒప్పందాల మీద ఫిర్యాదు చేసే హక్కు ఉంది, కానీ దాన్ని జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు. రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అరవై వేల వారంటీ కాగితం కోసం దేవరకొండ నుంచి హైదరాబాదు దాకా వాయిదాలకు తిరిగేదెవరు? వారంటీ సంస్థల ధైర్యం కూడా అదేనేమో అని నాకు అనిపిస్తుంది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

ఒకటి. వారంటీ అమ్మేముందు ఏ భాగాలకు వర్తించదో ఒకే పేజీలో, తెలుగులో, కరపత్రంలోని పెద్ద అక్షరాల సైజులోనే ఇచ్చి సంతకం తీసుకోండి. ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు వారంటీ అని అమ్మితే, వాటికి జరిగిన నష్టం ఏ చిన్న భాగం దగ్గర మొదలైనా చెల్లించాలి. పర్యవసాన నష్టం అన్న షరతును పాత కార్ల వారంటీల నుంచి పూర్తిగా తీసేయండి. తిరస్కరిస్తే పదిహేను రోజుల్లో, కారును కళ్లతో చూసిన సాంకేతిక నిపుణుడి సంతకంతో కారణం రాసివ్వండి. కారు అమ్మితే మిగిలిన వారంటీ రుసుము లేకుండా కొత్త యజమానికి మారాలి. పాత కారు మళ్లీ అమ్మేటప్పుడు ధర నిలబెట్టేది ఆ కాగితమే.

రెండు. కార్ల కంపెనీలు విడిభాగాల ధరలు అందరికీ కనబడేలా పెట్టాలి. చివరి కారు అమ్మిన రోజు నుంచి 15 ఏళ్ల పాటు భాగాలు అందుబాటులో ఉంచాలి. మెకాట్రానిక్స్, టర్బో, ఇంజెక్టర్ల వంటి యూనిట్లలో లోపలి భాగాలను విడిగా అమ్మాలి.

మూడు. రుసుము కట్టిన ఏ షెడ్డుకైనా డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేరు, కోడింగ్ అనుమతి ఇవ్వండి. దొంగతనాల భయం ఉంటే మెకానిక్ ఆధార్, షెడ్డు లైసెన్సు నమోదు చేసుకోండి. మేం శిక్షణ తీసుకుంటాం, పరీక్ష రాస్తాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీఐలలో చదివిన పిల్లలు ఈ పని నేర్చుకోగలరు. నా దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు వైరింగ్ డయాగ్రం చూసి లోపం పట్టే తీరు మీ ఇంజినీర్లు వచ్చి చూడాలి.

నాలుగు. పాత కార్లకు మీరే తనిఖీ చేసి వారంటీ ఇవ్వండి. ఇది జరగని పనేమీ కాదు. పోర్షే బ్రిటన్‌లో 15 ఏళ్ల వయసు దాకా కార్లకు తనిఖీ తరువాత వారంటీ ఇస్తోంది. ఫెరారీ ఇంజిన్, గేర్‌బాక్స్ వంటి ప్రధాన భాగాలకు పదిహేనో ఏడు దాకా వారంటీ అమ్ముతోంది. చైనాలో ఫిర్యాదులు వెల్లువెత్తినప్పుడు ఫోక్స్‌వాగన్ 2012లో అక్కడి డీఎస్‌జీ అనే రెండు క్లచ్‌ల గేర్‌బాక్సుల వారంటీని పదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పెంచింది. మరుసటి ఏడాది అక్కడే 3,84,181 కార్లను వెనక్కి రప్పించింది. అక్కడ వీలైనది ఇక్కడ ఎందుకు వీలుకాదు? ఏ మోడల్‌లో ఏ భాగం తరచూ పోతోందో మీకు మాకంటే బాగా తెలుసు. ఆ భాగాల వరకైనా పదేళ్ల బాధ్యత తీసుకోండి.

ఐదు. ఛాసిస్ నంబరు ఇస్తే, యజమాని అనుమతితో, కొనేవాడికి పూర్తి సర్వీసు చరిత్ర ఇవ్వాలి. ఉచితంగా.

ఆరు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ రీకాల్ నిబంధనలోని ఏడేళ్ల హద్దును రిజిస్ట్రేషన్ గడువుకు సమానంగా 15 ఏళ్లకు పెంచాలి. ప్రతి కాలుష్య పరీక్షప్పుడు, యాజమాన్యం బదిలీ అయిన ప్రతిసారీ మీటరు రీడింగు వాహన్ అనే ప్రభుత్వ వాహనాల రికార్డులో నమోదు చేయాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. కాలుష్య పరీక్ష చేసేవాళ్లు బండి ఫొటో ఎలాగూ తీస్తున్నారు, మీటరు ఫొటో ఇంకొకటి తీస్తే చాలు. రెండేళ్లలో మీటరు తిప్పే వ్యాపారం మూతపడుతుంది.

ఏడు. తెలంగాణ రవాణా శాఖ డీలర్ల అధికార పత్రాల తనిఖీని హైదరాబాదుతో ఆపకుండా జిల్లాల్లో కూడా చేపట్టాలి. అమ్మే ప్రతి కారుకు డీలరు సంతకంతో స్థితి పత్రం ఇప్పించాలి.

ఎనిమిది. కొన్ని వారంటీల వెనుక బీమా కంపెనీలు ఉంటాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఏ వారంటీ వెనుక ఏ బీమా కంపెనీ ఉందో పత్రం మీద రాయించాలని, క్లెయిము తిరస్కరిస్తే బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లే దారి కొనుగోలుదారుకు ఇవ్వాలని ఆ సంస్థను కూడా కోరుతున్నాం.

ఈ లేఖ వెలువడిన నాటి నుంచి అరవై రోజులు ఎదురుచూస్తాం. కంపెనీల నుంచి, వారంటీ సంస్థల నుంచి రాతపూర్వకమైన జవాబు రాకపోతే, ఒకే రకమైన నష్టం జరిగిన యజమానులందరి తరఫున వినియోగదారుల రక్షణ చట్టం 35వ సెక్షను కింద నల్లగొండ జిల్లా కమిషన్ అనుమతి కోరి ఉమ్మడి ఫిర్యాదు వేస్తాం. వారంటీ షరతుల మీద రాష్ట్ర కమిషన్‌కు, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు విడిగా వెళ్తాం.

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో ఇలా నష్టపోయినవాళ్లు ఉంటే వారంటీ పత్రం, డబ్బు కట్టిన రసీదు, జాబ్ కార్డు, తిరస్కరించిన ఈమెయిలు జాగ్రత్త చేయండి. పాడైన భాగాన్ని పారేయవద్దు, మెకానిక్ దగ్గరి నుంచి అడిగి తెచ్చుకుని తేదీ రాసి దాచండి. జిల్లా కమిషన్లో చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు లేకుండా కూడా ఫిర్యాదు వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. అయితే వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల లోపే వేయాలి. తిరస్కరణ లేఖ మీద తేదీ ఒకసారి చూసుకోండి.

ఇట్లు,
నల్లగొండలోని ఒక కార్ల మరమ్మతు షెడ్డు యజమాని,
షెడ్డుకు వచ్చే పాత కార్ల యజమానుల తరఫున